మండపం బల్బులు వరస లేకుండా మిణుకుమనాలంటే: చవితికి ముందు జాగ్రత్తలు

వినాయక చవితి వచ్చేది వానాకాలంలో. మండపానికి ఇనుప పైపులు, కింద తడి నేల, పైన రాత్రంతా వెలిగే లైట్లు. ఒక్కో బల్బు దాని ఇష్టానికి వెలిగి ఆరాలంటే ట్యూబ్‌లైట్ స్టార్టర్ చాలు. పని చిన్నదే కానీ, ఒకటి గుర్తుండాలి: ఆరి ఉన్న బల్బులోనూ కరెంటు ఉంటుంది.

స్టార్టర్ లోపల గ్యాసు నింపిన చిన్న గాజు బుడ్డి, అందులో వేడికి వంగే లోహపు రేకు ఉంటాయి. స్విచ్ వేయగానే గ్యాసు మెరుస్తుంది, రేకు వేడెక్కి వంగి రెండో కొనను తాకుతుంది, బల్బు వెలుగుతుంది. తాకగానే మెరుపు ఆగిపోతుంది. రేకు చల్లబడి విడిపోతుంది, బల్బు ఆరుతుంది. ఏ రెండు స్టార్టర్లూ ఒకే వేగంతో పనిచేయవు. రెండు మూడు కంపెనీలవి, పాతవీ కొత్తవీ కలిపితే ఇంకా బాగుంటుంది.

ఒక స్టార్టర్‌కు ఒకే బల్బు, సిరీస్‌లో, అంటే కరెంటు స్టార్టర్ గుండానే బల్బుకు వెళ్లేలా. 220–240 వోల్టులు, 4–65 వాట్లు అని రాసి ఉన్న స్టార్టర్‌కు 40 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి, 60 దాటొద్దు. 40 వాట్ల బల్బుకు 0.17 ఆంపియర్లే అయినా, చల్లగా ఉన్న ఫిలమెంటు వెలిగే క్షణంలో దానికి పదింతల దాకా లాగుతుంది. ఆ దెబ్బ రేకు కొనల మీద పడుతుంది. అవి అతుక్కుపోతే బల్బు ఆరదు, స్టార్టర్ మార్చాల్సిందే. అందుకని నాలుగైదు అదనంగా తెచ్చిపెట్టుకోండి. ఎల్‌ఈడీ బల్బులు దీనికి పనికిరావు. సరిగా వెలగవు, సరిగా ఆరవు.

స్టార్టర్ ఫేజ్ (కరెంటు వచ్చే) వైరులోనే ఉండాలి. న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) పెడితే బల్బు ఆరినప్పుడల్లా హోల్డర్ రెండు పిన్నుల్లోనూ ఫేజ్ ఉంటుంది. ఫేజ్‌లో పెట్టినా ధీమా పడొద్దు, రేకు ఏ సెకనులోనైనా అంటుకుంటుంది. రాత్రి ఓల్టేజీ బాగా పడిపోతే స్టార్టర్ అసలు పనిచేయదు. బల్బు మాడిందనుకుని ఎవరో స్టూలెక్కి తిప్పుతుండగా ఓల్టేజీ పెరగొచ్చు. ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి, ప్లగ్ పీకండి. టెస్టర్ వెలగలేదు కదా అని చెయ్యి పెట్టొద్దు.

స్తంభం తీగలకు కొక్కేలు వేయొద్దు, తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. బోర్డులో 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయి సప్లై ఆపే స్విచ్), దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు మనిషిలోకో నేలలోకో లీకైతే వెంటనే పడే స్విచ్) తప్పనిసరి. ఎంసీబీ ఒక్కటే మనిషిని కాపాడదు. అది 6 ఆంపియర్లు దాటితే గానీ పడదు, ప్రాణం పోవడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను రోజూ లైట్లు వేసే ముందు నొక్కి చూడండి. పడకపోతే ఆ రాత్రి లైట్లు వేయొద్దు. 20 బల్బులకు లోడు 3.5 ఆంపియర్లు, మెయిన్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఇనుప పైపులకు ఎర్త్ వేయించండి.

స్టార్టర్లను హోల్డర్లలో బిగించి ప్లాస్టిక్ బాక్సులో పెట్టండి. గాలి ఆడకపోతే రేకు తొందరగా చల్లబడదు, బల్బులు ఎక్కువసేపు వెలుగుతూ ఉండిపోతాయి. బాక్సు అడుగున చిన్న చిల్లు ఉంచండి. వైరు లోపలికి వెళ్లేచోట కాస్త కిందికి వంచితే వాన నీరు అక్కడే కారిపోతుంది. టేపు చుట్టిన జాయింటును బయట వదలొద్దు, నీరు టేపు కిందికి పాకుతుంది. థర్మోకోల్‌కు, గుడ్డకు, కాగితం పూలకు బల్బు కనీసం జానెడు దూరంలో ఉండాలి.

పిల్లల చేతికి అందే ఎత్తులో 230 వోల్టులు అసలు వద్దు. అక్కడ 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, లోపలే చిప్ ఉండి తమంతట తాము మిణుకుమనే ఎల్‌ఈడీలు వాడండి. ఒక్కోదానికి 470 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, అన్నిటినీ ప్యారలల్‌లో, అంటే ఒక్కోటీ విడిగా అడాప్టర్ రెండు వైర్లకూ తగిలేలా కలపాలి. సిరీస్‌లో పెడితే ఒకటి ఆరగానే మిగతావీ ఆరిపోతాయి. 100 ఎల్‌ఈడీలకు 2 ఆంపియర్ల దాకా అవుతుంది, 3 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి.

నిమజ్జనం రోజు విగ్రహం కదిలించక ముందే సప్లై పూర్తిగా తీయించి, లైట్లు విప్పి, ఆ తర్వాతే పైపులు ఊడదీయండి. హడావుడిలో పైపు లాగితే వైరు తెగి ఇనుముకు తగులుతుంది.