గ్రామసభలో మన మాట పుస్తకంలోకి ఎక్కాలంటే

గ్రామసభ అయ్యాక ఊళ్లో అందరూ మాట్లాడుకునేది ఎవరెవరు గొడవపడ్డారనే. నేను మాత్రం తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చూస్తాను. సభలో ఎంత గట్టిగా అడిగినా ఆ పుస్తకంలోకి ఎక్కకపోతే మండలాఫీసులో మన మాట లెక్కలోకి రాదు. మా మహిళా సంఘంలో అందరికీ ఇదే చెప్తుంటాను.

మనల్ని ఎవరో పిలవాలనుకోకండి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, రాజ్యాంగమే ఆ మాట చెప్పింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. చాటింపు వినపడకపోతే తేదీ, ఎజెండా రెండూ పంచాయతీ కార్యదర్శినే అడగండి.

సభకు ముందే పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈగ్రామ్‌స్వరాజ్ తెరిచి మన పంచాయతీ ప్రణాళికలో ఏ పనులున్నాయో, దేనికెంత ఖర్చు చూపించారో చూడండి. ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చూసిపెడతారు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పెట్టాలని షరతు. ఈ సంగతి తెలిసుంటే "డబ్బుల్లేవమ్మా" అన్నప్పుడు నోరు మూసుకుని రానక్కర్లేదు, ఆ పద్దులో ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని అడగొచ్చు.

ఇక అర్జీ. "మా వీధికి నీళ్లు రావట్లేదు" అని రాస్తే "చూస్తాం" అంటారు, అంతటితో సరి. ఇలా రాయండి: "3వ వార్డులో ట్యాంకు వెనక వీధి, బడి గేటు ఎదురుగా పైపు పగిలి కుళాయిల్లో మురికినీళ్లు వస్తున్నాయి. ఆ పైపు మార్చాలని తీర్మానం చేయగలరు." కింద ఆ వీధివాళ్ల సంతకాలు, తేదీ. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద కార్యదర్శి చేత "అందినది" అని రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి. ఒక్కరే లేచి మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంటుంది, నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లి పక్కపక్కనే కూర్చోండి. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఆఖర్న వస్తుంది. టీలు వచ్చేసరికి సగంమంది లేచిపోతారు. మీరు కదలకండి. "మా పని ఎలా రాశారో ఒకసారి చదివి వినిపించండి సార్" అని మర్యాదగా అడగండి. "చర్చించడమైనది" అని ఉంటే ఒప్పుకోకండి, "తీర్మానించడమైనది" అని ఉండాలి, వీధి పేరు కూడా ఉండాలి. హాజరు పట్టీలో సంతకం పెట్టండి గానీ ఖాళీ పేజీ కింద ఎవరడిగినా పెట్టొద్దు. వీలైతే ఆ పేజీని ఫోటో తీసుకోండి.

ఫోటో తీయనివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ తీర్మానం నకలు అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాతి సభకు ఆ నకలు చేతిలో పట్టుకుని వెళ్లి, కొత్త ఎజెండా ఎత్తకముందే పాత తీర్మానం ఎంతవరకు వచ్చిందని అడగండి.