రొట్టెల పండుగ నుంచి బండలాగుడు దాకా: ఫోన్‌తో పండుగ ఫొటోలు బాగా తీయడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పండుగ జరిగినా ఫోన్లన్నీ పైకి లేస్తాయి. ఇంటికొచ్చి చూసుకుంటే చాలా ఫొటోల్లో జనం తలకాయలే ఉంటాయి. నెల్లూరు స్వర్ణాల చెరువులో ఎవరు ఎవరికి రొట్టె ఇచ్చారో, గిత్తల జత బండను ఎంత బలంగా లాగిందో వాటిలో కనిపించదు. అందుకే జనం మొత్తాన్ని ఒక్క ఫొటోలో పట్టాలన్న ఆశ ముందు వదులుకోండి. ఆ పండుగలో అసలు జరిగే పని ఏమిటో తెలుసుకుని, దాన్ని దగ్గర నుంచి తీయండి. ఇందుకు ఖరీదైన ఫోన్ అక్కర్లేదు.

బయల్దేరే ముందు

లెన్స్‌ను మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు ఉంటే ఫొటో మసకగా వస్తుంది, రాత్రి దీపాల చుట్టూ గీతలు పడతాయి. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేస్తే గోపురాలు, జెండా కర్రలు ఒరిగిపోకుండా వస్తాయి. మెమరీ ఖాళీ చేసుకోండి. 4కే వీడియో చాలా ఫోన్లలో నిమిషానికి 170 నుంచి 350 ఎంబీ దాకా తింటుంది. పవర్‌బ్యాంక్ మర్చిపోవద్దు.

రొట్టెల పండుగలో

స్వర్ణాల చెరువు ఒడ్డున ఉన్న బారాషహీద్ దర్గా దగ్గర ఈ పండుగ మొహర్రం నెలలో వస్తుంది. హిజ్రీ క్యాలెండర్ చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. 2025లో జులై మొదట్లో పడింది. అంటే ఇప్పుడు కొన్నేళ్లుగా మండే ఎండల్లోనే జరుగుతోంది. మధ్యాహ్నం తీస్తే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, నీళ్లు తెల్లగా మెరిసి ముఖాలు చీకటైపోతాయి. పొద్దున 8 లోపు గానీ సాయంత్రం 5 తర్వాత గానీ వెళ్లండి. ఎండకు ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారితే కాసేపు సంచిలో నీడన పెట్టండి. చల్లబరచడానికి నీళ్లలో ముంచడం, ఐస్ మీద పెట్టడం మాత్రం వద్దు.

కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె ఇలా ఒక్కో కోరికకు ఒక్కో పేరు. తీసుకున్నవాళ్లు తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. ఫొటోలో ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఉండాలి. అది రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది, కాబట్టి ముందే చోటు చూసుకోవాలి.

ఘాట్ మెట్ల మీద కూర్చోండి. ఫోన్ చేతుల ఎత్తులోకి వస్తే రొట్టె, రెండు జతల చేతులు, వెనక నీళ్లు ఒకే వరసలో పడతాయి. సూర్యుడు మీకు ఓ పక్కన ఉండాలి. స్క్రీన్ మీద మనిషి ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి, ముఖం తేటపడుతుంది. రొట్టె చేయి మారబోతుండగానే వరసగా తీయడం మొదలుపెట్టండి. ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ను ఎడమవైపు లాగితే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కిందికి లాగితే లేదా నొక్కి పడితే వరస ఫొటోలు పడతాయి. రొట్టె పేరు రాసిన బోర్డు దగ్గర్లో ఉంటే దాన్నీ ఫ్రేములోకి రానివ్వండి. అదే సగం కథ చెప్పేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె తీసుకునేవాళ్ల మనసులో ఏముందో మనకు తెలియదు. అది ఊరంతా చూడాల్సిన సంగతి కాకపోవచ్చు. “అక్కా, ఒక ఫొటో తీసుకోవచ్చా?” అని అడగండి. అడిగే వీలు లేకపోతే ముఖం వదిలేసి చేతులు మాత్రమే తీయండి. నా లెక్కలో ఆ ఫొటోలే ఎక్కువ బాగుంటాయి కూడా. తడి బట్టల్లో ఉన్న ఆడవాళ్లను తీయకండి, పొరపాటున పడితే అక్కడే డిలీట్ చేయండి. ఫొటోకి ఒప్పుకున్నారంటే స్టేటస్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు, అది విడిగా అడగాలి. తీసిన ఫొటో వాళ్లకు ఒకసారి చూపించండి. చాలామంది అప్పుడు ఇంకో ఫొటోకి వాళ్లే నిలబడతారు.

బండలాగుడు పోటీల్లో

సంక్రాంతికి ప్రకాశం పల్లెల్లో ఒంగోలు గిత్తలు బరిలోకి దిగుతాయి. ఎర్రమట్టి మీద తెల్లటి గిత్త కాబట్టి ఫోన్ నేలను చూసి వెలుగు పెంచేస్తుంది. దాంతో గిత్త ఒళ్లు సున్నం కొట్టిన గోడలా తెల్లగా తేలిపోతుంది, మూపురం, గంగడోలు మడతలు కనిపించవు. ఇక్కడ గిత్త మీద నొక్కి, సూర్యుడి గుర్తును కిందికి జరపాలి. చెరువు దగ్గర చేసినదానికి ఇది సరిగ్గా తిరగబడ్డ పద్ధతి.

నిర్ణీత సమయంలో బరువైన రాతిబండను ఎంత దూరం లాగాయన్నదే పోటీ. బరి చివరకు వెళ్లగానే జతను వెనక్కి తిప్పుతారు. మెడలు వంగేది, తోలేవాళ్ల అరుపులు పెరిగేది, దుమ్ము లేచేది అక్కడే. ఆ మలుపు కనిపించేలా ఏటవాలుగా, తాడుకు ఇవతల నిలబడండి. ఎదురుగా నిలబడితే ఫొటో బాగా రావచ్చు, కానీ బెదిరిన గిత్త ఆగదు. ఫ్లాష్ ఆపేసి ఉంచండి. వేళ్లతో జూమ్ ఎక్కువ లాగితే బొమ్మ పగిలిపోతుంది. 2ఎక్స్ దాటకుండా తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలు.

షామియానా కింద

అన్నదానం, సన్మానం, గ్రూప్ ఫొటో అన్నీ షామియానా కిందే. ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ దాటి వచ్చే వెలుగు ముఖాలన్నిటికీ ఆ రంగే పులుముతుంది, తర్వాత యాప్‌లో సరిచేసినా పూర్తిగా పోదు. అందరినీ షామియానా అంచుకు, బయటి వెలుగు ముఖం మీద పడేలా తీసుకురండి. గ్రూప్‌ను వైడ్ లెన్స్‌తో తీస్తే చివర్లో నిలబడ్డవాళ్లు సాగిపోయి లావుగా కనిపిస్తారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 1ఎక్స్‌లో తీయండి. ఎవరో ఒకరు కళ్లు మూస్తారు కాబట్టి ఐదారు తీయాల్సిందే.

చీకటి పడ్డాక

ఫోన్ ఫ్లాష్ రెండు మీటర్లు దాటితే పెద్దగా పనిచేయదు. ఊరేగింపులో స్వామి వాహనాన్ని దూరం నుంచి ఫ్లాష్‌తో తీస్తే ముందున్నవాళ్ల వీపులే వెలుగుతాయి. నైట్ మోడ్ కదలని వాటికి బాగుంటుంది: దీపాలంకరణ చేసిన గోపురం, నిలిపి ఉన్న రథం. కోలాటం, చెక్కభజన ఆ మోడ్‌లో చెదిరిపోతాయి. వాటికి మామూలు మోడ్‌లో ఉండి, ఫోకస్ లైటు కిందికి వచ్చిన మనిషిని ఎంచుకోండి. పాట తాళం రెండు మూడు సార్లు విన్నారంటే కర్రలు ఎప్పుడు తగులుతాయో తెలిసిపోతుంది, ఆ దెబ్బకే నొక్కండి.

సీరియల్ లైట్ల దగ్గర వీడియోలో నల్ల చారలు పాకుతుంటే అది ఫోన్ చెడిపోవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు దాంతోపాటే సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ పెట్టండి, ప్రో మోడ్‌లో అయితే షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. గర్భగుడిలో కెమెరా బయటకు తీయవద్దు.

ఫొటోలు పంపేటప్పుడు

ఒకే క్షణానివి పది ఉంటే ఒకటి ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, ప్రింట్ వేయించుకునేవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపండి. అలా పంపితే తీసిన చోటు వివరాలు కూడా వెళ్లిపోవచ్చు, వద్దనుకుంటే కెమెరాలో లొకేషన్ ముందే ఆపేయండి. ఫొటో పంపిస్తానని ఎవరి నంబరైనా రాసుకుని ఉంటే ఆ రాత్రే పంపేయండి.