గ్రామఫోన్ రికార్డు అట్టలకు పట్టిన జిగురు ఇలా వదిలింది
కడప ఎండలకు పాత ధర స్టిక్కర్ల జిగురు పాకంలా సాగుతుంది. గోకితే అట్ట మీది బొమ్మే ఊడివస్తుంది. డిస్కును బయటికి తీసి (వేడికి వంగిపోతుంది), హెయిర్ డ్రైయర్‌ను తక్కువ వేడిలో దూరంగా పట్టి, స్టిక్కర్ అంచును వేలితో మెల్లగా లేపాను. మిగిలిన జిగురును, నున్నటి పూత ఉన్న అట్టల మీద మాత్రమే, లైటర్ ఫ్లూయిడ్ (సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం, బండి పెట్రోలు కాదు) అద్దిన దూదితో తుడిచాను. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. పూత లేని అట్టకు మెత్తటి పెన్సిల్ రబ్బరే మేలు. కొబ్బరినూనె రాయమనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, అట్ట నూనె పీల్చుకుని శాశ్వతంగా మచ్చ పడుతుంది.

వినైల్ (ప్లాస్టిక్) డిస్కుకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి, లేబులు తడవకుండా, గాడుల వెంబడే తుడిచాను. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు, లక్క కరుగుతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ వినైల్‌నూ పాడుచేస్తుంది.