ఇంగ్లండ్ కొండల్లో శరత్కాలపు నడక: వాగు వెంట దిగవద్దు

గత శనివారం రాత్రి మా ఊరి తెలుగువారి వాట్సాప్ బృందంలో ఒక కబురు వచ్చింది. ఇంగ్లండ్ వాయవ్యాన కొండలు, సరస్సులు ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లిన నలుగురు విద్యార్థులు చీకటి పడే వేళ దారి తప్పి, ఒక వాగు పట్టుకుని కిందికి దిగబోయి, ఎక్కలేక, దిగలేక ఒక బండ అంచు మీద ఐదు గంటలు కూర్చున్నారట. పర్వత రక్షక దళం వచ్చి తాళ్లతో పైకి చేర్చింది. ఒకరికి చీలమండ విరిగింది. ఆకులు రంగు మారే ఈ రెండు నెలల్లోనే మనవాళ్లు ఎక్కువగా కొండలకు బయలుదేరుతారు కాబట్టి ఇది రాస్తున్నాను. మంచి బూట్లు, వానకోటు, తాగునీరు సంగతి అందరికీ తెలిసినదే కనుక వాటి జోలికి పోవడం లేదు.

దారి తప్పినప్పుడు

వాగు వెంట దిగవద్దు. వాగు పట్టుకుని నడిస్తే చెరువు వస్తుందని, చెరువు పక్కన ఊరు ఉంటుందని మనలో చాలామందికి చిన్ననాటి నుంచి నమ్మకం. నీరు పల్లమెరుగునన్న సామెత అబద్ధం కాదు గాని, పల్లానికి చేరడానికి నీటికి దారితో పని లేదు. ముప్పై అడుగుల బండ అడ్డం వస్తే అది దూకుతుంది, మనం దూకలేము. లేక్ డిస్ట్రిక్ట్‌లో బెక్ అని, గిల్ అని పిలిచే ఈ వాగుల్లో అనేకం పైన గడ్డిలో పిల్లకాలువల్లా మొదలై, కాస్త దూరం పోగానే నిట్టనిలువు రాతిగోడల మధ్యకు జారిపోతాయి. ముందున్న అంచుకు అవతల ఏముందో పైనుంచి కనబడదు. మొదటి చిన్న బండ మీదుగా ఎలాగో జారి దిగుతారు; నాచు పట్టిన ఆ రాతిని తిరిగి ఎక్కడం కుదరదు; రెండో బండ దగ్గరికి వచ్చేసరికి దిగడమూ కుదరదు. ఇలా ఇరుక్కుపోవడానికి ఇక్కడి కొండవాళ్ల భాషలో ‘క్రాగ్‌ఫాస్ట్’ అని ఒక పేరే ఉంది.

ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) నుంచి వాస్‌డేల్ లోయ వైపు దిగవలసినవారు పొగమంచులో దారి తప్పి, ఉత్తరాన ఉన్న పియర్స్ గిల్‌లోకి దిగి చిక్కుకోవడం ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. నేను కూడా ఒక అక్టోబరులో దాని అంచు దాకా వెళ్లినవాడినే. నా ముందున్న మిత్రుడి బూటు కింద నుంచి అరచేయంత రాయి ఒకటి జారిపోయింది. చప్పుడు కోసం చెవులు రిక్కించాము. అది వినిపించేసరికి ఇద్దరమూ గడ్డి దుబ్బులు పట్టుకుని ఉన్నాము. తిరిగి దారికి గుర్తుగా పేర్చిన రాళ్లగుట్ట దగ్గరికి ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు దండగ అనిపిస్తుంది కనుకనే మనుషులు వెనక్కి తిరగరు.

దారి పోయిందనిపించగానే, ఎక్కడున్నామో చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి తిరిగి ఎక్కండి. ఎక్కే ఓపిక లేకపోతే గాలి తగలని చోట అందరూ ఒకరికొకరు ఆనుకుని కూర్చుని సహాయం కోసం ఫోన్ చేయండి. వాగు వెంట మాత్రం దిగవద్దు.

వేళ గురించి

ఈ తప్పుకు బీజం పొద్దున్నే, ఆలస్యంగా బయలుదేరడంలోనే పడుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ముందు రోజు సుమారు 5:45కు అస్తమించిన సూర్యుడు ఆ రోజు సుమారు 4:45కే అస్తమిస్తాడు. కొండనడకకు పట్టే సమయాన్ని అంచనా వేయడానికి 1892 నుంచి వాడుకలో ఉన్న నేస్మిత్ లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. వాస్‌డేల్ హెడ్ నుంచి స్కాఫెల్ పైక్‌కు పోయిరావడం సుమారు 9 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 900 మీటర్లు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. అదీ అలవాటున్నవారు ఎక్కడా ఆగకుండా నడిస్తే. మనం ఫొటోలకు ఆగుతాము, పులిహోర డబ్బా తెరుస్తాము; కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకుని, తొమ్మిదింటికల్లా నడక మొదలుపెట్టండి. వెనుదిరిగే వేళ ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. ఆ వేళకు శిఖరం వంద గజాల్లో ఉన్నా తిరగండి.

నీటి అంచున

కాలువగట్టున రాలిన తడి ఆకులు రాతి అంచును కప్పేస్తాయి, ముఖ్యంగా లాకుల దగ్గర. లాకు గోడలు నున్నగా, నిలువుగా ఉంటాయి. నిచ్చెన అందకపోతే పడినవారు తమంతట తాము పైకి రాలేరు. 15 డిగ్రీల లోపు చల్లని నీటిలో పడగానే ఊపిరి మన అదుపు తప్పుతుంది, కాబట్టి గోదావరి ఈదామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. తల వెనక్కి వాల్చి, చెవులు మునిగేలా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. యార్క్‌షైర్‌లో బోల్టన్ అబీ దగ్గర వార్ఫ్ నది స్ట్రిడ్ అనే చోట ఒక్క అంగలో దాటవచ్చనిపించేంత ఇరుకవుతుంది. ఆ ఇరుకులో నీరంతా లోతుకు దిగి, బండల అడుగును తొలిచింది. అక్కడ దూకవద్దు. అంచున నిలబడి సెల్ఫీ కూడా వద్దు.

ఇక మిగిలినవి:

సహాయానికి 999కు ఫోన్ చేసి ముందు పోలీసు అని, తరువాత మౌంటెన్ రెస్క్యూ (పర్వత రక్షక దళం) అని అడగండి. ఆ దళంవారు స్వచ్ఛంద సేవకులు, రుసుము తీసుకోరు. బిల్లు వస్తుందన్న భయంతో చీకటి పడేదాకా ఆగకండి.

ఫోన్‌లో మాట అందని చోట కూడా ఎస్సెమ్మెస్ సందేశం చేరవచ్చు. 999కు ‘రిజిస్టర్’ అన్న ఇంగ్లిషు మాటను ఎస్సెమ్మెస్‌గా పంపి, వచ్చిన సూచన ప్రకారం ఈరోజే నమోదు పూర్తి చేయండి.

తలకు కట్టుకునే దీపం మనిషికి ఒకటి. ఫోన్ వెలుగు లెక్కలోకి రాదు.

కాగితపు పటం తీసుకువెళ్లండి, చూడడం నేర్చుకుని వెళ్లండి.

జీన్స్ వద్దు. తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది.

ఈల ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి.

పీక్ డిస్ట్రిక్ట్‌లోని డవ్‌డేల్ లోయలో నదిని దాటే రాళ్ల మీదికి నీరు వస్తే చుట్టు తిరిగి వెళ్లండి.

కుక్క పడినా, ఫోన్ పడినా నీటిలోకి దిగవద్దు. మనిషి పడితే తాడో తేలే వస్తువో విసిరి, 999కు చెప్పండి.

అడవి పుట్టగొడుగులు కోయవద్దు, వండవద్దు.

గుంపును చీల్చవద్దు. అందరిలో నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి.

చీకటి పడిపోయినా, చలి వేస్తున్నా, కింద ఊరి దీపాలు కళ్లెదుటే కనబడుతున్నా వాగు వెంట దిగవద్దు.