ఊహకు అందని క్రాఫ్ట్ బీరును రుచి చూసి మార్కులు వేయడం ఎలా?

రంగు నల్లగా ఉంటే కాఫీ, చాక్లెట్ రుచి వస్తుందనుకుంటాం. తీరా తాగితే నారింజ తొక్క, దేవదారు బంక వాసన! అది స్టౌట్ (వేయించిన ధాన్యంతో చేసే నల్ల బీరు) కాదు, బ్లాక్ ఐపీఏ, అంటే హాప్స్ అనే చేదు పూలు ఎక్కువగా వేసే ఇండియా పేల్ ఏల్‌ (ఐపీఏ)కు నల్ల రూపం. పొట్టు తీసి వేయించిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) వాడితే నలుపు వస్తుంది గానీ మాడు చేదు అంతగా రాదు. ఇలాంటి బీరు దగ్గర చాలామంది తాము అనుకున్నది రాలేదన్న చిరాకును బీరు మీద చూపించి మార్కులు కోసేస్తారు. అందుకే అనుకున్నదీ, తాగాక తెలిసిందీ వేర్వేరుగా రాసుకోవాలి.

ముందు ఏర్పాట్లు

పై అంచు కాస్త లోపలికి తిరిగిన గ్లాసు తీసుకోండి, వాసన నిలుస్తుంది. సబ్బు జాడ లేకుండా కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి. బీరు పోశాక బుడగలు గ్లాసు గోడకు అతుక్కుంటే జిడ్డు పోలేదని అర్థం. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు అసలు వద్దు. చల్లదనానికి వాసన అణిగిపోతుంది.

తేలికపాటి లాగర్‌కు (చల్లటి చోట పులియబెట్టే బీరు) 4–7 డిగ్రీల సెల్సియస్, ఐపీఏకు 7–10, ఘాటైన స్టౌట్‌కు 10–13 సరిపోతాయి. ఏ కోవకు చెందుతుందో తేలని బీరును 8 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. అరగంట ముందు నుంచీ కాఫీ, కారం, సిగరెట్, సెంటు దూరంగా ఉంచండి.

మూత తీయకముందే లేబుల్ చదివి, ఏ రుచి వస్తుందనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఈ పని మానేస్తే తర్వాత మిగతాదంతా కలగాపులగమవుతుంది. పక్కన మనిషి ఉంటే ఇంకా మేలు: లోపల రంగు కనిపించని కప్పులో పోయించుకుని, ఏ బీరు పోశారో తెలుసుకోకుండా ఒకసారి రుచి చూడండి.

పోయడం, వాసన, గుటక

గ్లాసు వంచి మొదలుపెట్టి, చివర్లో నిటారుగా పెట్టి 100 మిల్లీలీటర్లు పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి. వెంటనే వాసన చూడండి, కొన్ని వాసనలు నిమిషంలోనే ఎగిరిపోతాయి. రెండు మూడు చిన్న పీల్పులు, గ్లాసు తిప్పి ఒక పెద్ద పీల్పు. ముక్కు మొద్దుబారితే మీ చొక్కా చేతిని వాసన చూసి మళ్లీ రండి. ‘బాగుంది’ అని రాస్తే పనికిరాదు. నిమ్మ తొక్కా, రొట్టె పైపెచ్చా, మిరియమా, పేరు పెట్టి రాయండి.

చిన్న గుటక తీసుకుని నాలుకంతా తాకనిచ్చి మింగండి, తర్వాత ముక్కు ద్వారా గాలి వదలండి. సగం రుచి అక్కడే తెలుస్తుంది. ఉమ్మేస్తే వెనక మిగిలే చేదు సరిగా అందదు.

మొదటి గుటకకు మార్కులు వేయకండి. పుల్లని, ఉప్పని బీర్లలో అది ఉలికిపాటు మాత్రమే. మూడో గుటకకు నాలుక అలవాటుపడి, పులుపు వెనక దాగిన ధాన్యం రుచి బయటపడుతుంది. పది నిమిషాలు ఆగి, కాస్త వెచ్చబడ్డాక మళ్లీ చూడండి. మొదట వింతగా అనిపించిన రుచి అప్పుడు మిగతా రుచులతో కలిసిపోతే బీరు బాగా కుదిరినట్టే. వెచ్చబడేకొద్దీ ఒక్కటే పొడుచుకొస్తుంటే తూకం తప్పినట్టు.

వింతా? లోపమా?

అసలు చిక్కు ఇక్కడే. గోజె అనే జర్మన్ గోధుమ బీరులో ఉప్పు, ధనియాలు, పులుపు కావాలనే ఉంటాయి. జర్మనీలోని బాంబెర్గ్ ఊరి రౌఖ్‌బియర్ (పొగ బీరు)లో ఆ వాసన మాల్ట్‌ను కట్టెల పొగలో ఆరబెట్టడం వల్ల వస్తుంది. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరులో అరటిపండు వాసన ఈస్ట్ ఇచ్చేదే, కానీ అదే వాసన లాగర్‌లో వస్తే పులియబెట్టడంలో తేడా జరిగినట్టు.

తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగిలి పాతబడిన గుర్తు. కాలిన రబ్బరును తలపించే కంపు వెలుతురు హాప్స్‌ను పాడుచేసినందువల్ల; తెల్ల, ఆకుపచ్చ సీసాల్లో ఎక్కువ. పచ్చి ఆపిల్ వాసన చాలాసార్లు బీరు ముదరలేదని చెబుతుంది. పుల్లని బీరని చెప్పకుండా వెనిగర్ వాసన వస్తే, పైగా మూత తీయగానే పొంగిపోతే బాక్టీరియా చేరి ఉండవచ్చు. అనుమానమైతే అదే బ్యాచ్‌లో ఇంకో సీసా తెరిచి చూసి తేల్చండి.

మార్కులు

బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాడే 50 మార్కుల పద్ధతి చక్కగా పనికొస్తుంది: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం అభిప్రాయానికి 10. అంటే రంగు ఎంత మోసం చేసినా రూపం కింద పోయేవి మహా అయితే 3. అంతకుమించి కోశారంటే ఆ కోత ఎక్కడ పడిందో వెతకండి.

రెండు అంకెలు వేయండి. ఒకటి పేరు మరచి, గ్లాసులో ఉన్నదానికి. ఉదాహరణకు 9, 3, 15, 4, 7 కలిపి 38. ఆ పద్ధతిలో 38–44 అంటే ‘అద్భుతం’ కోవ. రెండోది లేబుల్ చెప్పిన రకానికి ఎంత దగ్గరగా ఉందో. పోటీల్లో చెల్లేది రెండోదే, మళ్లీ కొనాలా అన్నదానికి మొదటిది చూడండి.

ఒకే కూర్చోవడంలో నాలుగైదు నమూనాలు చాలు. తేలికవి ముందు, ఘాటువి తర్వాత. మధ్యలో నీళ్లు, ఉప్పులేని బ్రెడ్ ముక్క.