ఎడిన్‌బరో పాత పిల్లల ఆసుపత్రి: చరిత్ర ఎలా వెతకాలి?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వచ్చిన మనవాళ్లు కోట, రాయల్ మైల్ వీధి చూసి రైలెక్కేస్తారు. ఒక పూట మిగిలితే మెడోస్ పార్కు దాటి షీన్స్ రోడ్డుకు రండి. అక్కడి ఎర్ర ఇసుకరాయి భవనాన్ని ఊరంతా ‘సిక్ కిడ్స్’ అనేది. మా పాపకు ఆయాసం ఎక్కువైతే అర్ధరాత్రి పరిగెత్తింది ఇక్కడికే. 2021లో ఆసుపత్రి ఊళ్లోనే లిటిల్ ఫ్రాన్స్ అనే చోటికి మారిపోయింది. భవనం అమ్ముడుపోయింది కాబట్టి రోడ్డు మీద నుంచే చూడాలి.

ముందు మ్యాపుతో మొదలుపెట్టండి. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో పాత మ్యాపులు ఉచితం. 1890కి కాస్త ముందువి తీస్తే ఈ స్థలంలో ‘ట్రేడ్స్ మెయిడెన్ హాస్పిటల్’ అని ఉంటుంది. కంగారు పడకండి, అది వైద్యశాల కాదు, ఆడపిల్లల ధర్మ పాఠశాల. ఇక్కడ పాత రోజుల్లో అలాంటి బడుల్నీ హాస్పిటల్ అనేవారు.

అసలు ఆసుపత్రి 1860లో లారిస్టన్ లేన్‌లో ఒక ఇంట్లో మొదలైంది. 1863లో దగ్గర్లోని మెడోసైడ్ హౌస్‌కు మారింది. 1890లో అక్కడే టైఫాయిడ్ పాకింది. జబ్బు నయం చేయాల్సిన చోటే జబ్బు! పిల్లల్ని తాత్కాలికంగా ఊళ్లోనే ఉన్న మార్నింగ్‌సైడ్‌కు తరలించారు. చివరికి జార్జ్ వాషింగ్టన్ బ్రౌన్ అనే ఆర్కిటెక్ట్ ప్లాను గీసిన ఈ షీన్స్ రోడ్డు భవనం 1895లో తెరుచుకుంది. ఏ పాత ఆసుపత్రి గురించి వెతికినా ‘ఎప్పుడు కట్టారు’ కన్నా ‘పాతది ఎందుకు వదిలేశారు’ అని అడగండి, కథ అక్కడే దొరుకుతుంది.

చనిపోయిన పిల్లల్ని అంత్యక్రియల దాకా ఉంచే చిన్న గది గురించి తప్పక చదవండి. 1885లో ఫీబీ ట్రాక్వేర్ అనే చిత్రకారిణి మెడోసైడ్‌లోని ఆ గది గోడల నిండా దేవదూతల్ని వేశారు. అంతకుముందు అది బొగ్గుల కొట్టు. ఆసుపత్రి మారేటప్పుడు కొన్ని బొమ్మల్ని గోడతో సహా కొత్త చోటికి తెచ్చి, మిగతాది ఆమే మళ్లీ వేశారు. పిల్లలున్నవాళ్లకు ఆ ఫొటోలు చూడటం కాస్త కష్టమే.

కాగితాల కోసం జార్జ్ స్క్వేర్‌లోని యూనివర్సిటీ లైబ్రరీకి నడిచిపోవచ్చు. ఇక్కడి ఆసుపత్రుల పాత రికార్డులు దాచే లోథియన్ హెల్త్ సర్వీసెస్ ఆర్కైవ్ అందులోనే ఉంది. ముందే మెయిల్ చేసి, వార్షిక నివేదికలు అడగండి. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) వచ్చేదాకా ఆసుపత్రి చందాలతోనే నడిచింది కాబట్టి ఎవరెంత ఇచ్చారో వాటిలో కనిపిస్తుంది. ఇటీవలి రోగుల రికార్డులు మాత్రం అడగకండి, ఇవ్వరు.