బ్రేక్ తీసుకున్నా అలసట పోవడం లేదా? బాధను బట్టి విరామం

లాప్‌టాప్ మూసేసి ఫోన్ చేతిలోకి తీసుకుంటాం, దాన్నే బ్రేక్ అనుకుంటాం. కంటికి మాత్రం రెండడుగుల దూరంలో ఉన్న తెర పోయి అడుగు దూరంలోకి ఇంకోటి వచ్చింది, అంతే. నేనూ చాలాకాలం ఇలాగే గడిపాను. రోజంతా బ్రేకులే, అయినా సాయంత్రానికి ఒళ్లు పిండేసినట్టు ఉండేది.

అలసిపోయేది ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. కన్ను వేరు, మెడ వేరు, ధ్యాస వేరు, నిద్ర వేరు. ఏది అలసిందో దానికి తగ్గ విరామం ఇవ్వకపోతే ఎంతసేపు ఆగినా ఉపయోగం ఉండదు. మీ బాధ కింద ఎక్కడుందో చూసుకుని అక్కడే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి సరిచేద్దామని కూర్చుంటే రెండో రోజుకే విసుగొస్తుంది.

కళ్లు మండుతున్నాయి, సాయంత్రానికి అక్షరాలు మసకగా ఉంటున్నాయి

మంట, మసక ఒకే బాధలా అనిపిస్తాయి గానీ వాటి కారణాలు వేరు.

మంటకు కారణం రెప్ప. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. తెర ముందు అది సగానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకు పడిపోతుంది. వేసినా సగమే మూస్తాం. దాంతో కంటిమీది కన్నీటి పొర ఆరిపోతుంది. ఏసీ గాలో, ఫ్యాన్ గాలో నేరుగా ముఖానికి తగులుతుంటే ఇక చెప్పనక్కర్లేదు.

మసక సంగతి వేరు. దగ్గరి వస్తువును చూస్తున్నంతసేపూ కంటి లోపల సిలియరీ అనే చిన్న కండరం బిగుసుకుని ఉంటుంది. గంటల తరబడి పిడికిలి బిగించి ఉంచితే వేళ్లు వెంటనే సాగవు కదా, ఇదీ అంతే. తల ఎత్తి దూరంగా చూస్తే కాసేపు ఏదీ తేటగా కనిపించదు.

కంటి వైద్యులు చెప్పే 20-20-20 పద్ధతి ఈ కండరం కోసమే: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. 20 అడుగులంటే దాదాపు 6 మీటర్లు. అంత దూరం చూసేటప్పుడు ఆ కండరానికి పని దాదాపు ఉండదు. టేపు పెట్టి కొలవక్కర్లేదు, కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. ఆ 20 సెకన్లలోనే నిదానంగా, పూర్తిగా మూసి తెరుస్తూ పదిసార్లు రెప్ప వేస్తే మంటకూ మందు అవుతుంది. తెర పైఅంచు కంటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. చూపు కిందికి ఉంటే రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, తడి తొందరగా ఆరదు.

చాలామంది ముందుగా కొనేది తెర నుంచి వచ్చే నీలి వెలుతురును ఆపే బ్లూ లైట్ కళ్లద్దాలు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో వీటిపై జరిగిన 17 పరీక్షలను సమీక్షించింది. మామూలు అద్దాల కంటే వీటివల్ల కంటి అలసట తగ్గుతుందనేందుకు సరైన ఆధారం దొరకలేదు. ఆ డబ్బుతో సైటు పరీక్ష చేయించుకోవడం మేలు. పాత పవర్ అద్దాలతో నెట్టుకొస్తూ తెరను తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ఒక కంట్లోనే మసక వచ్చినా, మెరుపులు కనిపించినా విరామాలతో కాలయాపన చేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మెడ పట్టేస్తోంది, బొటనవేలి మొదట్లో నొప్పి

మన తల దాదాపు 5 కిలోలు ఉంటుంది. దాన్ని 60 డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడపై 27 కిలోల భారం పడుతుందని 2014లో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్కగట్టాడు. అది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా, మనిషి మెడలో కొలిచింది కాదు. అయినా వంగిన కొద్దీ భారం పెరుగుతుందన్నది మీ మెడకే తెలుసు.

కుర్చీలోనే వెనక్కి వాలడం మెడకు విరామం కాదు, కదలాలి. అరగంటకోసారి లేవండి. గుర్తుండకపోతే మంచినీళ్ల సీసాను బల్లమీద కాకుండా అవతలి గదిలో పెట్టండి, దాహమే లేపుతుంది. కాల్స్ నడుస్తూ మాట్లాడండి. ఫోన్ దగ్గరికి తల దించే బదులు ఫోన్‌నే ముఖం ఎత్తుకు తెచ్చుకోండి. బొటనవేలి విషయానికొస్తే, పొడుగాటి మెసేజ్‌లు గొంతుతో చెప్పి పంపండి. రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి.

బ్రేక్ అయ్యాక పని మీద మనసు నిలవడం లేదు

నా అనుభవంలో ఎక్కువమంది అసలు బాధ ఇదే. ఐదు నిమిషాలని ఫోన్ తీస్తే నలభై నిమిషాలు అవుతుంది. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపామో గుర్తుండదు.

దీన్ని చాలా ఏళ్లుగా కొలుస్తున్న పరిశోధకురాలు గ్లోరియా మార్క్. 2004లో మనిషి ధ్యాస ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. తర్వాతి ఏళ్ల కొలతల్లో అది 47 సెకన్లకు వచ్చింది. మధ్యలో తెగిన పనికి మళ్లీ వచ్చేసరికి సగటున 23 నిమిషాలు పడుతోందనీ ఆమె గమనించింది, ఎందుకంటే నడుమ ఇంకో రెండు పనుల్లో దూరతాం.

తప్పంతా మన బద్ధకానిది కాదు. పేపర్ చదివితే చివరి పేజీ వస్తుంది, పుస్తకమైతే అధ్యాయం అవుతుంది. రీల్స్‌కు అడుగు లేదు. కిందికి జరిపేకొద్దీ కొత్తది వచ్చే ఈ అమరికను 2006లో రూపొందించిన డిజైనర్ ఏజా రాస్కిన్, తర్వాత తానే దానికి బాధపడ్డాడు. పైగా పది వీడియోల్లో ఏది బాగుంటుందో ముందు తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం చెయ్యి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. జూదం యంత్రం ముందు కూర్చున్నవాడి చెయ్యీ అంతే.

కాబట్టి తనంతట తానే అయిపోయే పనిని బ్రేక్‌గా ఎంచుకోండి. మేడ ఎక్కి దిగడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం. వీటికి టైమర్ అక్కర్లేదు. ధ్యాసకు కావలసింది ఖాళీ, ఇంకో కబురు కాదు. అందుకే పాడ్‌కాస్ట్ వింటూ నడవడం మెడకు విరామమే గానీ మనసుకు కాదు. లేచేముందు, తర్వాత ఏం చేయాలో కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. తిరిగొచ్చాక వెతుకులాట ఉండదు.

పని చేసేటప్పుడు ఫోన్ పక్కగదిలో ఉంచండి. బల్లమీద బోర్లా పెట్టినా బుర్రలో కొంత భాగం దానికే కాపలా కాస్తుందని 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరిశోధనలో చూపించారు. తర్వాత చేసినవాటిలో కొన్నింటికి ఆ ఫలితం రాలేదు. ఏమైతేనేం, లేచి వెళ్లాలంటే బద్ధకం కదా, ఇక్కడ ఆ బద్ధకమే మనకు సాయం.

రాత్రి నిద్ర పట్టడం లేదు

తెర వెలుతురు నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది, నిజమే. కానీ పడుకునేముందు వెలిగే తెరపై చదివినవాళ్లకు, కాగితం పుస్తకం చదివినవాళ్లకు మధ్య నిద్రపట్టడంలో తేడా దాదాపు 10 నిమిషాలేనని 2014 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మరి ఫోన్ పట్టుకుని పడుకుంటే నిద్రకు గంటన్నర ఆలస్యమవుతుంది కదా, అదంతా ఎక్కడికి పోయింది? "ఇంకొక్కటి చూసి పడుకుంటా"లోకి. అందుకే తెరను పసుపురంగులోకి మార్చినంత మాత్రాన ఒరిగేది తక్కువ. చార్జర్‌ను పడకగది బయటికి మార్చి, అలారానికి మామూలు గడియారం పెట్టుకోండి. మధ్యలో మెలకువ వస్తే టైమ్ చూడటానికి కూడా ఫోన్ ముట్టుకోవద్దు.

జేబులో ఫోన్ మోగినట్టే ఉంటుంది, తీస్తే ఏమీ ఉండదు

జబ్బేం కాదు, చాలామందికి ఉండేదే. వైబ్రేషన్ ఆపేసి, ఫోన్‌ను జేబులో కాకుండా సంచిలో పెట్టుకుని కొన్నాళ్లు చూడండి.

మొదలుపెడతాను, రెండు రోజుల్లో వదిలేస్తాను

యాప్ టైమర్ మీద ఆశ పెట్టుకుని ఉంటారు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ 2018 నుంచీ ఉన్నాయి. ఐఫోన్‌లో అయితే "ఇంకో 15 నిమిషాలు" అనే బటన్ కూడా పక్కనే ఉంటుంది, మన వేలికి అది బాగా అలవాటు. వాటిని తాళంగా కాక మీటరుగా వాడండి. చూడాల్సింది మొత్తం గంటలు కాదు, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారన్నది. వారంలో ఆ అంకె తగ్గితే దారిలో పడ్డట్టే. మొదటి రెండు మూడు రోజులు చేతులకు ఏమీ తోచదు, చిరాకుగా ఉంటుంది. దాన్ని చూసి ఈ పద్ధతి పడటం లేదనుకోవద్దు.

వదిలేయడానికి ఇంకో కారణం టెన్షన్: ఇంట్లో పెద్దవాళ్లకు ఏమైనా అయితే? ఫోన్ మోత ఆపే డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని, అందులో రెండు మూడు నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. రిపీట్ కాల్స్ అనే సదుపాయం కూడా ఆన్ చేస్తే, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు అదే మనిషి రెండోసారి చేసిన కాల్ మోగుతుంది. నిజంగా అవసరమైతే వెంటనే రెండోసారి చేయమని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.